మారు, మార్చు, మార్పించు: శీతోష్ణస్థితి సంక్షోభ పరిభాషపై ఒక విమర్శ (ఉప్పల్, నాచారం ప్రాంతాల నేపథ్యం)

వ్యాససంగ్రహం:
శీతోష్ణస్థితి సంక్షోభాన్ని ఎదుర్కోవడానికి వ్యక్తి మారాలా, సమాజం మారాలా అనే ప్రశ్న ప్రపంచవ్యాప్తంగా చర్చలో ఉంది. ఈ ప్రశ్న తెలుగులో ఏ మాటలతో వ్యక్తమవుతోంది, ఆ మాటలు ఎవరి బాధ్యతను చూపుతున్నాయి, ఎవరి బాధ్యతను దాస్తున్నాయి అనే అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ప్రచార నినాదాలు, పత్రికల వాడుక, ప్రభుత్వ విధానాల భాష ఇందుకు ఆకరాలు. తూర్పు హైదరాబాదులోని ఉప్పల్, నాచారం ప్రాంతాలు పరిశీలనకు క్షేత్రం. 'మారు, మార్చు, మార్పించు' అనే మూడు క్రియారూపాల భేదాన్ని ఆధారంగా చేసుకొని, ప్రస్తుత పరిభాష మొదటి రూపం దగ్గరే ఆగిపోయిందని, తెలుగు పర్యావరణ విమర్శ మిగిలిన రెండు రూపాలనూ పట్టించుకోవలసి ఉందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: శీతోష్ణస్థితి, పర్యావరణ విమర్శ, నినాద భాష, గొలుసుకట్టు చెరువులు, శిఖం, చల్లని పైకప్పు, ఉప్పల్, నాచారం.

1. ఉపోద్ఘాతం:
ఉప్పల్ ప్రధాన రహదారి వెంట 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. హబ్సిగూడలో కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం, తార్నాకలో భారతీయ రసాయన సాంకేతిక సంస్థ ఉన్నాయి. భూమిని, నీటిని, జీవకణాన్ని, రసాయనాన్ని పరిశోధించే సంస్థలు ఇంత దగ్గరదగ్గరగా ఉన్న ప్రాంతాలు దేశంలో అరుదు. వీటిని ఆనుకొనే నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడలు, కార్మికుల బస్తీలు, మధ్యతరగతి కాలనీలు, మురుగు కాలువలుగా మారిన పాత వాగులు ఉన్నాయి. భూతాపం గురించిన జ్ఞానం, దానికి కారణమయ్యే ఉత్పత్తి, దాని ఫలితాన్ని అనుభవించే జీవితం ఇక్కడ కొద్ది కిలోమీటర్ల పరిధిలోనే కనిపిస్తాయి.

అందువల్ల 'ఎవరు మారాలి' అనే ప్రశ్నకు ఈ ప్రాంతం తగిన పరీక్షాస్థలం. అయితే ఈ వ్యాసం సామాజిక సర్వేక్షణ కాదు. భాషను పరిశీలించే సాహిత్య విద్యార్థి దృష్టితో, ఆ ప్రశ్న తెలుగులో రూపుదిద్దుకున్న తీరును విమర్శించడమే దీని పరిధి.

2. పేరులోని చిక్కు:
భూగోళశాస్త్ర పాఠ్యపుస్తకాలు రెండు పారిభాషిక పదాలను వేరుచేసి చెబుతాయి. ఒక చోట కొద్దికాలం ఉండే ఎండ, గాలి, తేమల స్థితి 'వాతావరణం'. దీర్ఘకాలపు, సాధారణంగా 30 ఏళ్ళ, సగటు 'శీతోష్ణస్థితి'. పత్రికా భాషలో మాత్రం 'వాతావరణ మార్పు' అనే పదబంధమే స్థిరపడింది. ఉదయం ఎండ, సాయంత్రం జల్లు పడినా వాతావరణం మారిందనే అంటారు. శతాబ్దాల పారిశ్రామిక ఉద్గారాల ఫలితానికీ అదే మాట వాడటం వల్ల, పాఠకునికి అది రోజువారీ అనుభవానికి కొంచెం పెద్ద రూపంగా మాత్రమే తోస్తుంది.

పల్లె వాడుకలో ఇంతకన్నా పదునైన మాట ఉంది. తెలంగాణ రైతు 'ఈ ఏడు కాలమైంది' అంటే సకాలంలో వానలు పడి పంట చేతికి వచ్చిందని అర్థం. 'కాలం కాలేదు' అంటే వాన మొగం చాటేసిందని అర్థం. ఇక్కడ 'కాలం' అనే ఒక్క మాటలో సమయం, వర్షం, పంట, బ్రతుకు ఇమిడి ఉన్నాయి. రోహిణిలో ఎండలు, మృగశిరలో తొలకరి అని కార్తెల చుట్టూ అల్లుకున్న సామెతలు ఈ అవగాహననుంచే పుట్టాయి. వానల రాక క్రమం తప్పినప్పుడు దెబ్బతినేది పంట ఒక్కటే కాదు. ఆ సామెతల్లో నిల్వ ఉన్న జ్ఞానం కూడా పనికిరాకుండా పోతుంది. 'వాతావరణ మార్పు' అనే అనువాద పదబంధంలో ఈ నష్టం వినిపించదు.

'మార్పు' అనే పదం నిర్మాణమే మరొక విషయాన్ని సూచిస్తుంది. తీర్చు–తీర్పు, కూర్చు–కూర్పు, చేర్చు–చేర్పు అనే జతల వరుసలోనే మార్చు–మార్పు ఏర్పడింది. అంటే ఇది 'మారు' అనే అకర్మక క్రియకన్నా 'మార్చు' అనే సకర్మక క్రియకు దగ్గరి చుట్టం. మార్పు అన్న మాటలోనే మార్చినవాడు ఉన్నాడు. వ్యవహారంలో ఆ కర్త జారిపోయి, శీతోష్ణస్థితి తనంతట తానే మారుతున్నట్లు, ప్రజలు కూడా తమంతట తామే మారాలన్నట్లు అర్థం స్థిరపడింది.

3. 'మనం' అనే సర్వనామం:
తెలుగులో ఉత్తమపురుష బహువచనానికి రెండు రూపాలున్నాయి. శ్రోతను కలుపుకొనేది 'మనం', మినహాయించేది 'మేము'. ఇంగ్లీషు, సంస్కృత భాషల సర్వనామాలలో ఈ భేదం లేదు. ద్రావిడ భాషలలో ఇది ప్రధాన లక్షణం. పర్యావరణ నినాదాలను ఈ దృష్టితో చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. 'మొక్కలు నాటుదాం', 'నీటిని పొదుపు చేద్దాం', 'తడి చెత్త, పొడి చెత్త వేరు చేద్దాం' వంటివన్నీ '-దాం' ప్రత్యయంతో ముగుస్తాయి. ఈ ప్రత్యయం 'మనం'తోనే అన్వయిస్తుంది, 'మేము'తో అన్వయించదు.

'మనం' ఆత్మీయమైన మాట. ఊరిని కలుపుతుంది, పనికి పురికొల్పుతుంది. కానీ ఉద్గారాల విషయంలో అది అసమానులను సమానులుగా చూపుతుంది. నాచారం పారిశ్రామికవాడలో పనిచేసే దినకూలీ, ఆ వాడలోని ఫ్యాక్టరీ యజమాని, దానికి అనుమతినిచ్చే కార్యాలయం, దానికి విద్యుత్తునందించే బొగ్గు ఆధారిత కేంద్రం, అన్నీ ఒకే 'మనం'లోకి వస్తాయి. బాధ్యత అందరిదీ అయినప్పుడు ఎవరినీ ప్రత్యేకంగా అడగడం కుదరదు. 'మేము ఫలానా గడువులోగా ఫలానా పని చేస్తాము' అని ఒక సంస్థ గోడమీద రాసుకోవడం అరుదు. 'మేము' అన్నచోట హామీ ఉంటుంది, హామీ ఉన్నచోట ప్రశ్నించే హక్కు పుడుతుంది.

చెత్త విషయాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. హైదరాబాదు నగరపాలక సంస్థ 2015 తరువాత ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం రంగుల బుట్టలు పంపిణీ చేసింది. తడి, పొడి చెత్తలను వేరుచేయడం గృహిణి బాధ్యతగా ప్రచారమైంది. నగరపు చెత్త చివరికి చేరే జవహర్‌నగర్ కూడా ఉప్పల్, నాచారం ఉన్న మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోనిదే. ఇంట్లో వేరైన చెత్త బండిలోనూ, బదిలీ కేంద్రంలోనూ వేరుగానే సాగితేనే గృహిణి శ్రమకు అర్థం ఉంటుంది. నినాదం గొలుసులోని మొదటి కడియాన్ని మాత్రమే పేర్కొంటుంది. మిగిలిన కడియాలకు క్రియాపదమే లేదు.

ఈ ధోరణి తెలుగుకే పరిమితం కాదు. వ్యక్తి తన 'కర్బన పాదముద్ర'ను తానే లెక్కించుకోవాలనే ఆలోచనకు 2000వ దశకంలో విస్తృత ప్రచారం కల్పించినది ఒక బహుళజాతి చమురు కంపెనీ, బి.పి. భూమిలోంచి చమురు తీసే సంస్థ, దానిని కాల్చే వినియోగదారుని అంతరాత్మను ప్రశ్నించడం ఆ ప్రచారంలోని వైచిత్రి.

4. 'లోతట్టు ప్రాంతాలు జలమయం':
2020 అక్టోబరు 13న హైదరాబాదులో కురిసిన కుండపోత వాన ఉప్పల్ ప్రాంత చరిత్రలో మరువరానిది. బేగంపేట వాతావరణ కేంద్రంలో 24 గంటల్లో 19 సెంటీమీటర్లకు పైగా వర్షపాతం నమోదైంది. ఉప్పల్‌కు తూర్పున ఉన్న ఘట్‌కేసర్ ప్రాంతంలో 30 సెంటీమీటర్లు దాటింది. హబ్సిగూడ, రామంతాపూర్, ఉప్పల్ ప్రాంతాల్లోని పలు కాలనీల్లో ఇళ్ళలోకి నీళ్ళు చేరాయి.

ఇటువంటి సందర్భాలలో పత్రికల్లో తప్పక కనిపించే వాక్యం 'లోతట్టు ప్రాంతాలు జలమయమయ్యాయి'. ఈ వాక్యానికి కర్త లేడు. 'లోతట్టు' అనేది నేలకు సహజంగా ఉన్న లక్షణంగా ధ్వనిస్తుంది. నేలపై నీళ్ళు చేరడం కూడా సహజమే కాబట్టి వార్త అక్కడితో ముగుస్తుంది. నగరంలోని చాలా లోతట్టు ప్రాంతాలకు రెవెన్యూ పరిభాషలో వేరే పేరుంది. అది 'శిఖం', అంటే చెరువు నిండినప్పుడు నీరు నిలిచే భూమి. ఉప్పల్ నల్లచెరువు, రామంతాపూర్ పెద్దచెరువు, నాచారం పెద్దచెరువు అనే పేర్లు ఒకప్పటి జలవ్యవస్థకు మిగిలిన గుర్తులు. ఒక చెరువు అలుగు దుంకితే ఆ నీరు కింది చెరువుకు చేరే గొలుసుకట్టులో, చివరి మజిలీ మూసీ. 'లోతట్టు ప్రాంతం మునిగింది' అనే వాక్యాన్ని 'శిఖంలో కట్టిన కాలనీలోకి చెరువు నీరు వచ్చింది' అని తిరగరాస్తే, ఆ భూమిని విభజించినది ఎవరు, అమ్మినది ఎవరు, అనుమతించినది ఎవరు అనే ప్రశ్నలు వెంటనే తలెత్తుతాయి.

'నాలా' అనే మాట ప్రస్థానం కూడా గమనించదగినది. ఉర్దూలో ఆ మాటకు వాగు అనే అర్థం ఉంది. తెలుగులో వాగు, ఒర్రె అని పిలుచుకున్న ప్రవాహాలే నగర వ్యవహారంలో నాలాలై, ఇప్పుడు మురుగు కాలువకు పర్యాయపదాలయ్యాయి. వాగుకు వరద హక్కుంటుంది, మురుగు కాలువకు వెడల్పు కొలత మాత్రమే ఉంటుంది. 'చెరువు కబ్జాకు గురైంది' అనే వాక్యంలోని 'గురవు' అనే క్రియ కూడా చేసినవానిని తెర వెనుకే ఉంచుతుంది. ఉప్పల్ భగాయత్ అనే పేరులో తోటల భూమి అనే అర్థం ఉంది. మూసీ ఒడ్డున ఉన్న ఆ నేల 2019లో హెచ్.ఎం.డి.ఎ. ఎలక్ట్రానిక్ వేలంలో ప్లాట్లుగా అమ్ముడైంది. పేరు మిగిలింది, పేరులోని అర్థం మారింది.

ఈ నగరం ఇంతకుముందు వేరేవిధంగానూ ఆలోచించింది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని బలిగొన్నది. తన కుటుంబాన్ని ఆ వరదలో పోగొట్టుకున్న ఉర్దూ కవి అంజద్ హైదరాబాదీ ఆ దుఃఖాన్ని కావ్యంగా మలిచాడు. ఆ మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం ఆహ్వానించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య, వరదకు కారణాన్ని నదిలో మాత్రమే వెదకలేదు. నగరానికి ఎగువన పరీవాహకంలోని 788 చెరువులలో 221 తెగిపోయినట్లు లెక్కతీశాడు. ఆ విచారణ ఫలితంగా 1912లో నగరాభివృద్ధి మండలి, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ ఏర్పడ్డాయి. నాటి నిర్ణయాలలో రాచరికపు అధికారం ఉంది, నిర్వాసితుల కష్టాలూ ఉండే ఉంటాయి. కానీ విపత్తుకు జవాబుగా ప్రజల నడవడిని కాకుండా వ్యవస్థను మార్చాలన్న గ్రహింపు అక్కడ ఉంది. 2024 జూలైలో ఏర్పడిన హైడ్రా చర్యల చుట్టూ సాగుతున్న వాదోపవాదాలు, అంబర్‌పేట బతుకమ్మకుంట పునరుద్ధరణ ఆ ప్రశ్నను మళ్ళీ ముందుకు తెచ్చాయి. కూల్చివేతలో ఇల్లు పోగొట్టుకున్నవాడు కనిపించినంతగా, లేఅవుటు వేసినవాడు వార్తలో కనిపిస్తున్నాడా అనేది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

5. రేకుల ఇల్లు: ఐచ్ఛికం ఎవరికి?
2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాలలో కలిపి రెండువేలకు పైగా మరణాలు నమోదయ్యాయి. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2023–2028 కాలానికి చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించింది. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులను ఎండను తిప్పికొట్టే పూతలతో, పలకలతో కప్పాలన్నది లక్ష్యం. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, ఆపైన స్థలంలో కట్టే నివాసాలకు ఇది తప్పనిసరి. అంతకన్నా చిన్న నివాసాలకు ఐచ్ఛికం.

వ్యక్తిని కాక నిర్మాణాన్ని మార్చే ప్రయత్నంగా ఈ విధానం అభినందనీయం. పేదవానిపై ఖర్చు మోపకూడదన్న ఆలోచన కూడా 'ఐచ్ఛికం'లో ఉండవచ్చు. అయితే నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల అంచున ఉన్న రేకుల గదిని ఈ విధానం పక్కన పెట్టి చూస్తే ఒక లోటు బయటపడుతుంది. ఎండ వేడిమి అత్యధికంగా దిగేది సిమెంటు రేకు, ఇనుప రేకు కప్పిన గదిలోకే. ఆ గదిలో ఉండేది చాలాసార్లు అద్దెదారు. కప్పు మీద అతనికి హక్కు లేదు, సున్నం వేయించినా ఆ ఖర్చు తిరిగిరాదు. యజమాని ఆ గదిలో నిద్రపోడు కాబట్టి అతనికి తొందర లేదు. 'ఐచ్ఛికం' అనే మాట ఇచ్ఛను, దానిని నెరవేర్చుకునే శక్తిని ఒక్కటిగా భావిస్తుంది. వేడి ఎక్కువగా తగిలేవానికి ఇచ్ఛ ఉన్నా శక్తి లేదు. అద్దె గదులకు కప్పు వేయించే బాధ్యత యజమానిపై ఉంచి, ఖర్చులో ప్రభుత్వం పాలుపంచుకుంటే తప్ప ఆ మాటకు అర్థం రాదు.

ప్రయాణం విషయంలోనూ ఇదే కనిపిస్తుంది. 2017 నవంబరులో మొదలైన మెట్రో మార్గం నాగోల్ నుంచి ఉప్పల్, హబ్సిగూడ, తార్నాకల మీదుగా సాగుతుంది. నాచారం దాని దారిలో లేదు. 'సొంత వాహనం మానండి' అనే సలహా ఉప్పల్ వాసికి ఎంపిక, నాచారం లోపలి కాలనీవాసికి అదనపు శ్రమ. 2023లో ఉప్పల్ కూడలిలో ప్రారంభమైన పాదచారుల ఆకాశవంతెన, అదే ఏడాది డిసెంబరు 9న మొదలైన మహిళల ఉచిత బస్సు ప్రయాణం మరో సంగతిని బోధిస్తాయి. రెండవది శీతోష్ణస్థితి పథకం కాదు. అయినా బస్సెక్కమని హితబోధ చేయకుండానే మహిళల ప్రయాణపు అలవాటును అది ప్రభావితం చేసింది.

6. ఇంటిలోని ఫ్రిజ్ చెప్పే చరిత్ర:
వ్యక్తిని నిందించకుండా లోకం తన్ను తాను సరిదిద్దుకున్న సందర్భం ఒకటుంది. ఓజోన్ పొరను దెబ్బతీస్తున్న క్లోరోఫ్లోరోకార్బన్ల వాడకాన్ని అరికట్టడానికి 1987లో మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం అందులో 1992లో చేరింది. ఆ రసాయనాలకు బదులుగా ఫ్రిజ్‌లలో వాడే హెచ్.ఎఫ్.సి.–134ఎ తయారీకి దేశీయ సాంకేతికతను రూపొందించినది తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థే. ఫ్రిజ్ వాడటం తగ్గించమని ఏ గోడమీదా రాయలేదు. ఫ్రిజ్‌లోని వాయువు మారింది, ఇల్లాలికి ఆ సంగతి తెలియనైనా తెలియదు.

ఈ కథకు రెండవ భాగమూ ఉంది. ఓజోనుకు హాని చేయని ఆ వాయువు, కార్బన్ డై ఆక్సైడుకన్నా వెయ్యి రెట్లకు పైగా వేడిని పట్టి ఉంచుతుంది. అందుకే 2016 కిగాలి సవరణ దాని వాడకాన్ని కూడా తగ్గించమంది. సాంకేతిక పరిష్కారం ఒక్కసారితో ముగిసేది కాదని, దానిపై నిరంతర సామాజిక పర్యవేక్షణ అవసరమని ఈ అనుభవం తెలుపుతుంది.

7. వ్యక్తి మార్పు నిష్ప్రయోజనమా?
పై విమర్శ వ్యక్తిగత ప్రయత్నాన్ని చులకన చేయడానికి కాదు. శీతోష్ణస్థితి మార్పుపై అంతర్ప్రభుత్వ సంఘం 2022 నివేదిక ప్రకారం, వినియోగం వైపునుంచి వచ్చే మార్పులు 2050 నాటికి ఉద్గారాలను 40 నుంచి 70 శాతం వరకు తగ్గించగలవు. అయితే తగిన విధానాలు, సదుపాయాలు, సాంకేతికత అందుబాటులో ఉంటేనే అది సాధ్యమన్నది ఆ అంచనాలోని షరతు. 2022లో భారతదేశం నవీకరించిన జాతీయ లక్ష్యాలు కూడా పర్యావరణహిత జీవనశైలిని ప్రజా ఉద్యమంగా పేర్కొన్నాయి. ప్రచారంలో జీవనశైలి మిగులుతుంది, షరతు జారిపోతుంది.

ఇక్కడే తెలుగు క్రియ మూడు మెట్లు చూపుతుంది. 'మారు' వ్యక్తి తనపై చేసుకొనే పని. 'మార్చు' అధికారం, వనరులు ఉన్నవారు వ్యవస్థపై చేసే పని. 'మార్పించు' ప్రజలు ఆ అధికారంచేత చేయించే పని. కాలనీ సంక్షేమ సంఘం చెరువు హద్దుల నకలు అడిగినప్పుడు, కార్మిక సంఘం పని ప్రదేశంలో నీడ, చల్లని నీరు కోరినప్పుడు జరిగేది 'మార్పించడం'. వ్యక్తిగత మార్పుకు అసలైన విలువ ఇక్కడే ఉంది. తన ఇంట్లో చెత్త వేరుచేసినవాడే బండిలో ఎందుకు కలుపుతున్నారని అడగగలడు. మొదటి మెట్టు మూడవ మెట్టుకు నైతిక అర్హతనిస్తుంది. మొదటి మెట్టునే గమ్యంగా చూపినప్పుడు అది అపరాధభావంగా మిగులుతుంది.

తెలుగు సాహిత్య విమర్శకు ఇందులో పాత్ర ఉంది. కరువును రాయలసీమకు, ఉప్పెనను 1977 దివిసీమ అనుభవంతో తీరానికి కేటాయించి చదవడం విమర్శలో అలవాటైంది. అక్కినేని కుటుంబరావు 'కొల్లేటి జాడలు' వంటి నవల ఒక సరస్సు మార్పును మనుషుల కథగా చెప్పింది. అమితావ్ ఘోష్ 2016లో ప్రకటించిన తన గ్రంథంలో, అసాధారణ ప్రకృతి ఘటనలను ఆధునిక నవల నమ్మశక్యం కానివిగా పక్కన పెట్టిందని వాదించాడు. నగర జీవితాన్ని రాసిన తెలుగు కథలలో వాన, ఎండ కేవలం నేపథ్య వర్ణనలుగా ఉన్నాయా, కథను నడిపే శక్తులుగా ఉన్నాయా అనే దృష్టితో పునఃపఠనం జరగవలసి ఉంది.

8. ముగింపు:
ఈ పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

1. 'వాతావరణ మార్పు' అనే పదబంధం దీర్ఘకాలిక సంక్షోభాన్ని రోజువారీ అనుభవంగా కుదిస్తోంది. 'శీతోష్ణస్థితి' అనే శాస్త్రపదాన్ని, 'కాలం కావడం' అనే పల్లె వాడుకను బోధనలో పక్కపక్కన నిలపడం అవసరం.

2. నినాదాలలోని 'మనం' ఐక్యతను పెంచుతూనే బాధ్యతలోని హెచ్చుతగ్గులను చెరిపివేస్తోంది. సంస్థలు 'మేము' అని మాట్లాడినప్పుడే జవాబుదారీతనం ఏర్పడుతుంది.

3. 'లోతట్టు ప్రాంతం', 'కబ్జాకు గురైంది' వంటి వాడుకలు కర్తను దాస్తున్నాయి. శిఖం, అలుగు, తూము, కట్ట, ఒర్రె వంటి పదాలను స్థానిక చెరువుల పేర్లతో సహా సేకరించడం తెలుగు శాఖలు చేపట్టదగిన పరిశోధన.

4. చల్లని పైకప్పు విధానంలోని 'ఐచ్ఛికం' అద్దెదారు అశక్తతను గుర్తించడం లేదు. విధాన పత్రాల తెలుగును చదవడం కూడా విమర్శ పరిధిలోనిదే.

నల్లచెరువు, పెద్దచెరువు అనే పేర్లు బస్సు బోర్డులపైనా, చిరునామాల్లోనూ ఇంకా పలుకుతున్నాయి. ఆ పేర్లకు అర్థం తెలిసిన తరం ఉన్నంతవరకే, కాలనీలోకి నీళ్ళు వచ్చినప్పుడు 'ఇది ఎవరు మార్చారు, ఎవరిచేత మార్పించాలి' అని అడిగే అవకాశం ఉంటుంది. ఆ అర్థాన్ని తరగతి గదిలో నిలపడం తెలుగు అధ్యాపకుల చేతిలో ఉన్న పని.